చేపల కొట్టులోకి మారిన గ్రీకు పుస్తకాలు

వెల్లింగ్టన్ వెళ్లొచ్చానని చెప్పగానే ఆక్లండ్ మౌంట్ రాస్కిల్‌లో మా తెలుగువాళ్లంతా ఒకే రకంగా అడిగారు. తేనెపట్టులా ఉండే పార్లమెంటు భవనం చూశావా, కొండెక్కే కేబుల్ కారు ఎక్కావా, సముద్రం ఒడ్డు మ్యూజియం ఎలా ఉంది అని. అవేవీ చూడలేదు. నేను వెళ్లింది ఒక గ్రంథాలయాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడానికి. నడుం నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు. అయినా ఈ దేశంలో నేను చేసిన ప్రయాణాలన్నిటిలో గర్వంగా చెప్పుకోవాలనిపించేది ఇదే కాబట్టి, వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

ఆల్బనీలో మొదలు

నాది హన్మకొండ. చదువుకోవడానికి ఈ దేశం దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ వచ్చి, అక్కడి చలికి వణుకుతూ కోర్సు పూర్తిచేసి, తర్వాత ఆక్లండ్‌లో సెటిల్ అయ్యాను. ఊరి ఉత్తర శివారు ఆల్బనీలో ఒక యూనివర్సిటీ క్యాంపస్ లైబ్రరీలో ఉద్యోగం. అక్కడ నా పక్క కుర్చీ ఎలెనీది. వెల్లింగ్టన్‌లో పుట్టిన గ్రీకు ఆవిడ, అరవై దాటాయి. మొదట్లో ఆమెను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఒకరోజు "ఆంటీ" అనేశాను. "మా భాషలో థియా అంటారు. అదీ వద్దు, ఇదీ వద్దు. ఎలెనీ చాలు" అని నవ్వింది.

జులైలో, ఇక్కడి నడి చలికాలంలో, ఒక మధ్యాహ్నం ఫోను పెట్టేసి కుర్చీ నా వైపు తిప్పింది. వెల్లింగ్టన్‌లో గ్రీకువాళ్ల సంఘానికి ఒక పాత హాలు ఉంది. భూకంపం వస్తే నిలబడదని ఇంజనీర్లు తేల్చారు. సోమవారానికల్లా ఖాళీ చేయాలి. హాలు వెనక గదిలో ఎలెనీ అమ్మానాన్నల తరంవాళ్లు పెట్టుకున్న గ్రంథాలయం ఉంది. ఆ పుస్తకాలను ఏం చేయాలన్నది శనివారం సాయంత్రం మీటింగ్‌లో తేలుస్తారట.

"పాత పేపర్లకు ఇచ్చేద్దామంటున్నారు" అంది. "మన క్యాంపస్‌లో పుస్తకాలు పై అంతస్తుకు మార్చినప్పుడు నువ్వే ముందుండి నడిపించావు. అలాంటి మనిషి నాకు కావాలి. వస్తావా?"

ఇంట్లో చెబితే మా ఆయన నవీన్ నా మొహం చూశాడు. "పుస్తకాలు మొయ్యనీకి వెల్లింగ్టన్ పోతవా? ఆడ మనుషులే లేరా?"

"ఉన్నరు. అందరు పెద్దోళ్లట."

"మరి పో. స్వెట్టర్లు ఎక్కువ పెట్టుకో. ఆడి గాలి మనిషిని లేపుకపోతదట."

మా మైత్రికి పదేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లిష్‌లోనే వస్తుంది. "వాళ్ల భాష నీకు రాదు కదా, పుస్తకాలు ఎలా సర్దుతావు?" అని అడిగింది. అక్కడికెళ్లాక చూస్తానన్నాను.

దక్షిణం దారిలో

శుక్రవారం పొద్దున్నే ఎలెనీ కారులో బయలుదేరాం. వైకాటో పచ్చిక మైదానాల్లోకి రాగానే రోడ్డు పక్కన ఒక చెక్కబల్ల, దాని మీద కివీపళ్ల సంచులు, పక్కన డబ్బులు వేసే డబ్బా కనిపించాయి. మనిషి లేడు. సంచి రెండు డాలర్లు. ఎలెనీ నాణెం వేసి సంచి తీసుకుంది. ఇన్నేళ్లుగా ఉంటున్నా ఆ డబ్బాల దగ్గర నేను ఇప్పటికీ చుట్టూ చూస్తాను. మన వైపైతే డబ్బాకు తాళం వేసి, బల్లకు గొలుసు కట్టి, పక్కన ఒక మనిషిని కూర్చోబెడతాం.

"గ్రీసులో అయితే ఆ మనిషి మీద ఇంకో మనిషిని కాపలా పెడతారు" అంది ఎలెనీ.

కివీపళ్లు చెంచాతో తవ్వుకుని తింటూ, గ్రీకు గ్రంథాలయమంటే నాకు అలెగ్జాండ్రియా తప్ప ఇంకేమీ తెలియదని, అది తగలబడిపోయిందని చదివానని చెప్పాను.

"అందరికీ అదే తెలుసు. నిప్పయితే కథ చెప్పుకోవడానికి బాగుంటుంది" అంది. "చాలామటుకు అది మెల్లగా పోయిందంటారు. పోషించే రాజులు పోయారు. నకళ్లు రాసేవాళ్లకు జీతాలు పోయాయి. చుట్టలుగా చుట్టిపెట్టిన పాత రాతప్రతులు చివికిపోతుంటే కొత్తవి రాసేవాళ్లు లేరు."

మన తాటాకు గ్రంథాల సంగతీ అంతే కదా అనుకున్నాను. ఆకు చివికేలోపు ఎవరో ఒకరు కూర్చుని ఇంకో ఆకు మీదికి ఎక్కించబట్టే మిగిలినవి మిగిలాయి.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. ఎత్తయిన రాతి కొండల మీది మఠాల్లో సన్యాసులు పుస్తకాలు నకలు రాసి దాచారట. తర్వాత యూరప్ నుంచి వచ్చిన యాత్రికులు వాటిని కొన్నిచోట్ల కొని, కొన్నిచోట్ల అడిగి, కొన్నిచోట్ల అడక్కుండా పట్టుకుపోయారట. కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల చేతికి పోయినప్పుడు పండితులు మూటలు కట్టుకుని ఇటలీ చేరారట. ఆపైన వందల ఏళ్లు గ్రీకు పుస్తకాలు ఎక్కువగా వెనిస్‌లో, తర్వాత వియన్నాలో అచ్చయ్యేవట.

"అక్కడ వ్యాపారాలు చేసుకునే గ్రీకులు పెట్టెల్లో పెట్టి, గాడిదల మీద ఎక్కించి, కొండల్లోని తమ ఊళ్లకు పంపేవాళ్లు" అంది. "ఊళ్లో ఒక బడి, బడిలో ఒక బీరువా. అదే గ్రంథాలయం. స్వాతంత్ర్యం వచ్చాక దేశం మొత్తానికి ఒక గ్రంథాలయం కావాలనుకున్నారు. చోటేదీ? ఒక దీవిలో అనాథ పిల్లల ఆశ్రమంలో మొదలుపెట్టారు. తర్వాత ఏథెన్స్‌లో ఒక చర్చిలో ఉంచారు. తర్వాత పాలరాతి భవనం కట్టారు. ఇప్పుడు సముద్రం వైపు కొత్త భవనంలోకి మార్చారు."

"మరి ఇప్పుడంతా బాగున్నట్టేనా?"

"పెద్దది బాగుంది. చిన్నవాటి సంగతి అడుగు. మా పినతల్లి కూతురు వూలా గ్రీసులో ఒక బడి గ్రంథాలయంలో పనిచేసేది. దేశం అప్పుల్లో మునిగిన ఏళ్లలో ఆమె ఉద్యోగం పోయింది. గదికి తాళం వేశారు. ఇది పిల్లల గది, మీ అప్పులతో దానికేం పని అని హెడ్మాస్టర్‌తో పోట్లాడి తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. శనివారాలు జీతం లేకుండా తెరిచేది. ఇప్పుడు మళ్లీ ఎవరినో నియమించారు. ఆ అమ్మాయికి పని నేర్పింది కూడా మా వూలానే."

చెబుతున్నప్పుడు ఆమె గొంతులో బాధ కంటే గర్వమే ఎక్కువ వినిపించింది. నాకు హన్మకొండ గ్రంథాలయంలో నేను కూర్చున్న చెక్కకుర్చీ గుర్తొచ్చింది. అక్కడ ఇప్పటికీ పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే బ్యాగు పెట్టి సీటు ఆపుకుంటారు. ఆ సంగతి చెబితే, "గ్రంథాలయంలో సీటు కోసం కొట్లాటా?" అని ఎలెనీ రెండుసార్లు అడిగి నమ్మింది.

తైహాపేలో పాల పక్కన పుస్తకాలు

టౌపో సరస్సు దాటాక మంచు పడి మెయిన్ రోడ్డు మూసేశారు. పక్కనున్న కొండ అవతలి వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. మధ్యలో ఫొటో తీద్దామని దిగి, బురదమంచులో జారి చతికిలబడ్డాను. ప్యాంటు మొత్తం తడిసిపోయింది. తైహాపే చేరేసరికి నా పళ్లు టకటకలాడుతున్నాయి. రేకుతో చేసిన పెద్ద రబ్బరు బూటు బొమ్మను ఊరి గుర్తుగా నిలబెట్టుకున్న చిన్న ఊరు అది. వేడిగా ఏదైనా తాగుదామని ఒక డైరీలోకి వెళ్లాం. ఈ దేశంలో డైరీ అంటే పాలకేంద్రం కాదు. పాలు, బ్రెడ్డు, చాక్లెట్లు, పేపర్లు అన్నీ దొరికే మూలకొట్టు.

క్షేమంగా ఉన్నానని నవీన్‌కు ఫోన్ చేసి చెబుతుంటే కౌంటర్ వెనకావిడ తల ఎత్తింది.

"ఏడికెళ్లి వస్తున్నరు బిడ్డా? గట్ల తడిసినవేంది?"

కరీంనగర్ ఆవిడ. పేరు విజయ. ఆంటీ అన్నాను, ఏ అభ్యంతరమూ లేకుండా స్వీకరించింది. వెనక గదిలో హీటర్ ముందు నన్ను కూర్చోబెట్టి, అల్లం దంచి చాయ్ పెట్టింది. ఎలెనీకి అది నచ్చి రెండో కప్పు అడిగింది. బయటికి వస్తూ చూస్తే పాల ఫ్రిజ్ పక్కన పేపర్ల స్టాండులో తెలుగు పుస్తకాలు. నవలలు, ఒక వంటల పుస్తకం, శతకాలు, అట్ట ఊడిన రెండో తరగతి వాచకం.

"ఇవేంది ఆంటీ?"

"పోయేటోళ్లు వచ్చేటోళ్లు పెడ్తరు బిడ్డా. ఒకటి పెట్టి ఒకటి తీస్కపోతరు. రాసుకునుడు ఏం లేదు."

"తిరిగి రాకపోతే?"

"రాకపోతె ఎవలో చదువుతున్నట్టే గద. ఒకపాలి ఓ నవల క్రైస్ట్‌చర్చ్ దాక పోయి మల్ల ఈడికే వచ్చింది. మీద చాయ్ మరక చూసి గుర్తువట్టిన. ఆ మరక నేను చేసిందే."

నన్ను కూడా ఒకటి తీసుకొమ్మంది. బదులుగా పెట్టడానికి నా దగ్గర పుస్తకం లేదు. గ్రంథాలయంలో జీతం తీసుకునే మనిషి చేతిలో పుస్తకం లేకుండా ప్రయాణం చేస్తోంది. ఏమీ తీసుకోకుండానే బయటికొచ్చాను. ఎలెనీ కారెక్కాక చాలాసేపు నవ్వింది.

వెల్లింగ్టన్, శనివారం

నవీన్ చెప్పింది నిజమే. ఆ గాలికి హాలు తలుపు తెరవడానికి ఇద్దరం కలిసి లాగాల్సి వచ్చింది. లోపల మాకోసం ఎదురుచూస్తున్నది కిరియా దెస్పీనా. కిరియా అంటే మన గారు లాంటిది, కాకపోతే పేరుకు ముందు వస్తుంది. ఎనభై దాటిన మనిషి, నల్ల స్వెట్టరు, మోచేతుల దాకా మడిచిన చేతులు. నా రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, పేరు అడగకముందే తిన్నావా అని అడిగింది. ఆ వరస నాకు బాగా తెలుసు. కోడి పులుసులో గుడ్డు గిలకొట్టి, నిమ్మరసం పిండి చేసిన వేడి సూపు గిన్నెలో పోసింది. పులుపు తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. నేను రెండో గిన్నె పట్టడంతో ఆమెకు నా మీద నమ్మకం కుదిరినట్టుంది.

దెస్పీనా అమ్మాయిగా ఉన్నప్పుడే ఓడలో వచ్చిందట, ఆస్పత్రి వంటింట్లో పనికి. అప్పట్లో గ్రీసు నుంచి చాలామంది ఆడపిల్లలు అలాగే వచ్చారు. మగవాళ్లు చేపలు పట్టేవాళ్లు, చేపలు, బంగాళాదుంప చిప్స్ వేయించే కొట్లు నడిపేవాళ్లు. ప్రతివాళ్ల పెట్టెలోనూ ఒకటో రెండో పుస్తకాలు ఉండేవి. అవన్నీ ఒకచోట చేరిస్తే ఈ గది అయింది. ఓడల్లో సామాను వచ్చిన చెక్కపెట్టెలను విప్పి ఒక వడ్రంగి బీరువాలు చేశాడట. తలుపు తీయగానే పాత కాగితం వాసనతో పాటు నూనె వాసన కూడా వచ్చింది. కొట్టు మూసి తిన్నగా ఇక్కడికే వచ్చి చదివేవాళ్లట. చాలా పుస్తకాల్లో పేజీ తిప్పే మూల పారదర్శకంగా నూనె మరక. మా క్యాంపస్‌లో అలాంటి పుస్తకాన్ని పక్కన పడేస్తాం. ఇక్కడ నాకు ఆ మరక తుడవాలనిపించలేదు.

మైత్రి ప్రశ్నకు జవాబు ఆ గదిలో దొరికింది. బీరువా పైన అతికించిన అక్షరాలు చూస్తే ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. పై, సిగ్మా. పదో తరగతిలో సైన్ తీటా, కాస్ తీటా అని బట్టీ పట్టిన అక్షరాలే. వరసగా చదువుతుంటే దెస్పీనా ఆశ్చర్యపోయి, "గ్రీకు ఎక్కడ నేర్చుకున్నావు?" అని ఎలెనీ చేత అడిగించింది.

"హన్మకొండలో, లెక్కల మాస్టారి దగ్గర" అన్నాను.

ఉచ్చారణ మాత్రం తప్పట. బీటా కాదు, వీటా. తీటాను థ ఒత్తి పలకాలట. మా లెక్కల మాస్టారి మీద గౌరవం కొద్దీ నేను మార్చుకోలేదు.

మధ్యాహ్నమంతా ముగ్గురం పుస్తకాలు దులిపి, తడి పట్టినవాటిని వేరుచేసి, అక్షరాల వరసలో అట్టపెట్టెల్లోకి ఎక్కించాం. చిన్నపెట్టెలే వాడమన్నాను. పెద్దపెట్టె నిండా పుస్తకాలు నింపితే ఇద్దరు ఎత్తినా లేవదు. పెట్టెలు ఎక్కడికి వెళతాయో మాకు ఇంకా తెలియదు. అయినా వరస తప్పకుండా సర్దాం.

సాయంత్రం మీటింగ్

సంఘం అధ్యక్షుడు కోస్టా నలభై ఏళ్ల బిల్డరు. వెల్లింగ్టన్‌లోనే పుట్టాడు. గ్రీకు మాట్లాడతాడు, చదవడానికి మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. అతన్ని చెడ్డవాడిగా చెప్పడం అన్యాయం. హాలు బాగుచేయించడానికి చందాల కోసం ఊరంతా తిరుగుతున్నవాడు అతనే.

"నేను సూటిగా అడుగుతాను" అన్నాడు, కుర్చీల్లో కూర్చున్నవాళ్లందరినీ చూస్తూ. "ఈ గదిలోకి పోయిన ఏడాది ఎంతమంది వచ్చారు? నా పిల్లలు గ్రీకు చదవరు. నేనే సరిగా చదవలేను. హాలు తిరిగి ఎప్పుడు తెరుస్తామో దేవుడికే తెలియాలి. అప్పటిదాకా వీటిని ఎక్కడ పెట్టాలి?"

దెస్పీనా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేలవైపు చూస్తోంది. అప్పుడు ఎలెనీ లేచింది. దారిలో నాకు చెప్పినవే చెప్పింది. ఇటలీకి మూటలు, కొండ మఠాలు, గాడిదల మీద పెట్టెలు, దీవిలో అనాథాశ్రమం, వూలా తాళంచెవి. కారులో నవ్వుతూ చెప్పినవి ఇక్కడ ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది.

"మన పుస్తకాలు ఎప్పుడూ ఎవరో ఒకరి చేతుల మీద ఉన్నాయి" అంది. "భవనం లేదని మనవాళ్లు ఎప్పుడూ ఆగలేదు. అప్పుడు లేని ఇబ్బంది మనకు ఇప్పుడేమొచ్చింది?"

కోస్టా నా వైపు తిరిగాడు. "మీరు బయటి మనిషి. ఈ పనిలో అనుభవం ఉంది. మీరేమంటారు?"

నేను మాట్లాడతానని అనుకోలేదు. లేచి నిలబడ్డాను. మా తెలుగునాట కృష్ణా కాలువల్లో ఒకప్పుడు పడవ మీద పుస్తకాలు ఊరూరా తిరిగేవని చెప్పాను. రేవులో పడవ ఆగితే పొలం పనిచేసుకునేవాళ్లు కాళ్లు కడుక్కుని వచ్చి పుస్తకం తీసుకునేవాళ్లని చెప్పాను. నేను పుట్టిన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు తెలుగు బడికీ తెలుగు సభకూ అనుమతులు అడగాల్సి వచ్చేదని, అలాంటి రోజుల్లో మావాళ్లు గ్రంథాలయం పేరుతో కూడి తెలుగు చదువుకున్నారని, నేను చదువుకున్న కుర్చీ వాళ్ల పుణ్యాన వచ్చిందేనని చెప్పాను. నిన్న తైహాపేలో పాల ఫ్రిజ్ పక్కన చూసింది కూడా చెప్పాను. ఇవన్నీ నాకు తెలిసినవే. కానీ పరాయి దేశంలో, పరాయి భాషవాళ్ల ముందు నిలబడి చెబుతుంటే మావాళ్లు ఎంత పని చేశారో నాకే మొదటిసారి తెలిసినట్టయింది.

"మా మౌంట్ రాస్కిల్‌లో ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి, మాకు ఇలాంటి గది లేదు" అన్నాను చివరికి. "మీకు ఉంది. నేనైతే వదులుకోను."

దెస్పీనా పక్కనున్నావిడ చేత నా మాటలు గ్రీకులో చెప్పించుకుంటోంది. అంతా అయ్యాక లేచింది. బెరంపోర్‌లో వాళ్ల కుటుంబం నడిపిన చేపల కొట్టు మూసి ఉంది. అద్దెకు ఎవరో అడుగుతున్నారట.

"వాళ్లకు లేదని చెబుతాను" అంది. "తడి లేదు. తలుపులు గట్టివి. హాలు తయారయ్యేదాకా అక్కడ ఉంచండి."

కోస్టా కొట్టు కొలతలు అడిగి రాసుకున్నాడు. తర్వాత, "అల్మరాలు బిగించే చెక్క నా గోడౌన్‌లో ఉంది. రేపు పొద్దున ట్రక్కు తెస్తాను" అన్నాడు. ఇంక చేతులెత్తే ఓటు అవసరం పడలేదు.

బెరంపోర్

బెరంపోర్ పేరు వినగానే మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఒడిశా బరంపురం అనుకుని సంబరపడ్డాను. అది కాదట, బెంగాల్‌లో ఉన్న ఊరి పేరట. అయినా వెల్లింగ్టన్ కొండల మధ్య ఆ బోర్డు చూస్తే సొంత ఊరి బస్టాండు దగ్గర దిగినట్టే ఉంది.

ఆదివారం చర్చి అవగానే మంచి బట్టల్లోనే జనం వచ్చారు. హాలు నుంచి ట్రక్కు దాకా, ట్రక్కు నుంచి కొట్టు దాకా వరసగా నిలబడి పెట్టెలు చేతులు మార్చుకున్నాం. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ పెట్టె ముందు దిగాలో నేను చెబుతుంటే, నా కంటే ముప్పై ఏళ్లు పెద్దవాళ్లు బుద్ధిగా విన్నారు. మధ్యలో ఒక పెట్టె అడుగు ఊడి పిల్లల వాచకాలు రోడ్డు మీద పడ్డాయి. విడిపోయిన పేజీలను గాలి ఎత్తుకుపోయింది. ఎదుటి మైదానంలో ఫుట్‌బాల్ ఆడుతున్నవాళ్లు ఆట ఆపి పరిగెత్తి పట్టుకొచ్చారు. బురద అంటిన ఆ పేజీలను దెస్పీనా ఫ్రయ్యర్ మీద ఆరబెట్టింది. చేపలు వేయించే ఆ పొయ్యి అన్నాళ్ల తర్వాత వెలిగింది వాటికోసమే.

పొయ్యి వేడికి అద్దాలకు ఆవిరి పట్టడంతో కొట్టు తెరిచారనుకుని జనం రావడం మొదలుపెట్టారు. "రెండు చేపలు, ఒక స్కూప్ చిప్స్" అన్నాడొకతను కౌంటర్ దగ్గర నిలబడి. చేపల్లేవని, ఇప్పుడిది గ్రంథాలయమని ఎలెనీ చెప్పింది. అతను చుట్టూ చూసి, "మా నాన్న నన్ను శుక్రవారాలు ఇక్కడికే తెచ్చేవాడు" అని, తానే కోటు విప్పి పెట్టెలు అందుకున్నాడు. చీకటి పడేదాకా ఉన్నాడు.

మధ్యాహ్నం దాటాక అల్మరాలు నిలబడ్డాయి. బంగాళాదుంపల బస్తాలుండే చోట చరిత్ర పుస్తకాలు, సాస్ సీసాల చోట కవిత్వం. చేపల ధరలు రాసే తెల్లరంగు డబ్బా, కుంచె ఇంకా అక్కడే ఉన్నాయి. దెస్పీనా కుంచె కోస్టా చేతిలో పెట్టింది. కిటికీ అద్దం మీద గ్రీకులో 'వివ్లియోథీకి' అని రాయమంది, గ్రంథాలయం అని. అంతమంది ముందు కోస్టా చెవులు ఎర్రబడ్డాయి. రాశాడు. ఒక అక్షరం తప్పు. ఆవిడ తడిగుడ్డతో తుడిచేసింది. మళ్లీ రాశాడు. మళ్లీ తుడిచింది. మూడోసారి రాశాక వెనక్కి జరిగి చూసి తల ఊపింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు పిల్లల తండ్రి, బడిలో ఫస్టొచ్చినవాడిలా నవ్వాడు.

ఆవిడ అదే కుంచె నా చేతిలో పెట్టింది. "నీ భాషలో కూడా" అని ఇంగ్లిష్‌లో మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

నేను చేత్తో తెలుగు రాసి ఎన్నాళ్లయిందో. ఫోనులో టైపు చేయడమే. కుంచె ముంచి 'గ్రంథాలయం' అని రాశాను. థ కింద ఒత్తు కాస్త వంకర పోయింది. ఎవరూ తుడవలేదు.

సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే బస్సు డ్రైవర్ యూనిఫాంలో ఒకతను తలుపు తోసుకుని వచ్చాడు. నల్లగా, పొట్టిగా, మెడలో మఫ్లరు. చుట్టూ చూసి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"అక్కా, ఆ అద్దం మీద రాసింది మీరేనా?"

"అవును తమ్ముడూ."

"నాది నెల్లూరు అక్కా. శ్రీనివాసులు నా పేరు. ఈ రూట్‌లోనే బస్సు డ్రైవ్ చేస్తుంటా. ఎదురుగా స్టాపులో ఆపి చూస్తే మన అక్షరాలు. నిజమా కాదా అని తర్వాతి ట్రిప్పులో మళ్లీ చూసినా. షిఫ్ట్ అయిపోంగానే వచ్చేసినా. తెలుగు బుక్స్ ఏముండాయి?"

"ఒక్కటి కూడా లేదు. అన్నీ గ్రీకువే."

అతను అల్మరాల వైపు చూశాడు. నిరాశపడతాడనుకున్నాను. "ఏంది అక్కా, పేరు రాసి బుక్కు పెట్టకపోతే ఎట్టా?" అన్నాడు.

అతనేమన్నాడని దెస్పీనా అడిగింది. నేను ఇంగ్లిష్‌లో చెబితే గ్రీకులో ఎలెనీ చెప్పింది. ఆవిడ లేచి కౌంటర్ పక్క అల్మరాలో చివరి పుస్తకాలు రెండు మూడు తీసి పైఅరలో పెట్టి, ఖాళీ అయిన చోట అరచేతితో దుమ్ము తుడిచింది.

సోమవారం

తిరుగు ప్రయాణానికి ముందు సెలవు తీసుకుందామని పొద్దున్నే కొట్టు దగ్గరికి వెళ్లాం. సన్నగా వాన పడుతోంది. హాలు తాళాలు అప్పగించడానికి వెళ్లాల్సిన కోస్టా ముందే వచ్చి, తలుపు కింద నీళ్లు రాకుండా రబ్బరు పట్టీ బిగిస్తున్నాడు. తలుపు పిడికి ఒక ప్లాస్టిక్ సంచి తగిలించి ఉంది. లోపల, ఇంకో సంచిలో చుట్టి, ఒక పుస్తకం. నీలం బట్టతో బైండు చేసింది. అట్ట మీద బొమ్మ లేదు, వెన్ను మీద మాసిపోయిన బంగారు అక్షరాలు మాత్రమే. విప్పితే తెలుగు కథలు. శ్రీనివాసులు పొద్దుటి షిఫ్టుకు వెళుతూ పెట్టిపోయి ఉంటాడు.

దెస్పీనా దాన్ని నా చేతిలోంచి తీసుకుని ఏప్రానుకు తుడిచింది. నిన్న ఖాళీ చేసిన చోటికి వెళ్లి, అరలో పెట్టబోయి ఆగింది. వెన్ను మీది అక్షరాలను ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది. ఇన్నేళ్లుగా ఈ పుస్తకాల మధ్య తిరిగిన మనిషి, ఏది పైకో తెలియక నా వైపు తిరిగింది.

నేను ఆమె చేతుల మీద చేతులు వేసి పుస్తకాన్ని నిటారుగా తిప్పాను. ఆవిడ దాన్ని గ్రీకు పుస్తకాల పక్కన నిలబెట్టి, మిగతా వాటితో సమంగా వచ్చేదాకా వేలితో లోపలికి నెట్టింది.